చుక్కల పట్టీ, పాల సాసర్, ఒక ఈల: పాముతో హత్య చేయించడం సాధ్యమేనా?

బ్రిటన్‌లో గ్రనాడా టెలివిజన్ 1984లో కల్పిత డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ సీరియల్ మొదలుపెట్టింది. జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా పదేళ్లలో 41 ఎపిసోడ్లు వచ్చాయి. వాటిలో ఆరోది, 1984 మే 29న ప్రసారమైనది, ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’. దీనికి మూలకథ 1892 ఫిబ్రవరిలో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో అచ్చయింది. రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ 1927లో తన హోమ్స్ కథల్లో తనకు నచ్చినవి వరుసగా రాసినప్పుడు దీన్నే మొదట పెట్టాడు.

పాముకాటుతో హత్య అని ఎక్కడైనా కేసు బయటపడితే ఈ కథ మళ్లీ చర్చలోకి వస్తుంది. పాముతో చంపొచ్చని వందేళ్ల కిందటే రాశారు కదా అని కొందరు అంటారు. పాముకు చెవులే లేవు, పాలు తాగదు, కథంతా తప్పుల తడక అని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండు వాదాల్లోనూ కొంత నిజం ఉంది, కొంత తొందరపాటూ ఉంది. ఎపిసోడ్‌ను భాగాలుగా విడదీసి చూస్తే నాకు కనిపించేది ఇది: డబ్బు గురించి, గది గురించి హోమ్స్ చెప్పినవి గట్టిగా నిలబడతాయి. పాము గురించి చెప్పినవే నిలబడవు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో కేరళలో జరిగిన ఒక అసలు కేసు దగ్గరకు వచ్చేసరికి తెలుస్తుంది. విప్పి చూపించకుండా ఈ విషయం వివరించలేం కాబట్టి, కథ ముగింపు కూడా ఇక్కడ చెప్పేస్తున్నాను.

కథ క్లుప్తంగా

1883 ఏప్రిల్. హెలెన్ స్టోనర్ అనే యువతి తెల్లవారకముందే భయంతో వణుకుతూ హోమ్స్ ఇంటికి వస్తుంది. ఆమె ఇంగ్లండ్ పల్లెసీమ సర్రే ప్రాంతంలో స్టోక్ మోరన్ అనే పాత బంగళాలో సవతి తండ్రి డాక్టర్ గ్రిమ్స్‌బీ రాయ్‌లాట్‌తో ఉంటోంది. రాయ్‌లాట్‌ది ఒకప్పుడు డబ్బున్న వంశం. ఆస్తి కరిగిపోయాక అతను కలకత్తాలో డాక్టర్‌గా ప్రాక్టీస్ పెట్టాడు. అక్కడ కోపంలో తన నౌకరును కొట్టి చంపి జైలుకు వెళ్లాడు. బెంగాల్ ఆర్టిలరీలో పనిచేసి చనిపోయిన ఒక మేజర్ జనరల్ భార్యను ఇండియాలోనే పెళ్లి చేసుకున్నాడు. హెలెన్, జూలియా ఆమెకు పుట్టిన కవలలు.

తల్లి రైలు ప్రమాదంలో పోయింది. రెండేళ్ల కిందట, పెళ్లి ఇంకో రెండు వారాల్లో ఉందనగా, జూలియా ఒక రాత్రి గదిలోంచి కేకవేస్తూ బయటికొచ్చి పడిపోయింది. చనిపోయే ముందు ‘చుక్కల బ్యాండ్’ అని మాత్రం అనగలిగింది. బ్యాండ్ అంటే పట్టీ అనుకోవచ్చు, ముఠా అనుకోవచ్చు. ఎస్టేట్‌లో గుడారాలు వేసుకున్న జిప్సీలు చుక్కల రుమాళ్లు కట్టుకుంటారు కాబట్టి అనుమానం వాళ్ల మీదికి పోయింది. అసలు దోషి మాత్రం పక్క గదిలోనే ఉన్నాడు. ఇప్పుడు హెలెన్‌కు పెళ్లి కుదిరింది. ఇంటి మరమ్మతుల పేరుతో ఆమెను జూలియా గదిలోకే మార్చారు. అంతకు ముందు రాత్రి, జూలియా చెప్పిన అదే సన్నని ఈల ఆమెకూ వినిపించింది.

టీవీలో రాయ్‌లాట్‌గా జెరెమీ కెంప్, హెలెన్‌గా రోజలిన్ లాండర్ నటించారు. హోమ్స్ ఇంటికే వచ్చి బెదిరిస్తూ రాయ్‌లాట్ ఇనప ఊచను వంచే సన్నివేశంలో కెంప్‌ను చూస్తే, పాము రాకముందే ఆ ఇంట్లో ఎంత భయం పేరుకుని ఉందో అర్థమవుతుంది.

వీలునామాలో దాగిన లెక్క

హోమ్స్ స్టోక్ మోరన్‌కు బయల్దేరేముందు చేసిన మొదటి పని, చనిపోయిన తల్లి వీలునామా చూడటం. అందులో ఉన్న ఏర్పాటు ఇది: ఆస్తి మీద వచ్చే రాబడి రాయ్‌లాట్ అనుభవించవచ్చు. కానీ కూతుళ్లలో ఎవరికి పెళ్లయినా ఆమెకు ఏటా 250 పౌండ్లు ఇవ్వాలి.

తల్లి పోయేనాటికి ఏటా రాబడి 1,100 పౌండ్లకు కాస్త తక్కువ. లెక్క తేలిగ్గా ఉండటానికి 1,100 అనే అనుకుందాం. ఇద్దరికీ పెళ్లయి చెరో 250 ఇచ్చినా రాయ్‌లాట్‌కు 600 మిగులుతుంది. దర్జా తగ్గుతుందేమో గానీ బతుకు సాగుతుంది. కథ జరిగేనాటికి పంటల ధరలు పడిపోయి రాబడి 750కి దిగింది. ఇప్పుడు ఎవరికీ పెళ్లి కాకపోతే చేతిలో 750. ఒకరికైతే 500. ఇద్దరికీ అయితే 250, అంటే మూడింట ఒక వంతు.

ఈ ధరల పతనం రచయిత కల్పించింది కాదు. 1870ల నుంచి అమెరికా మైదానాల్లో పండిన గోధుమ రైళ్లలో, ఆవిరి ఓడల్లో చౌకగా ఇంగ్లండ్ చేరడం మొదలైంది. అక్కడి భూముల మీద రాబడి దాదాపు రెండు దశాబ్దాల పాటు దెబ్బతింది. ఎక్కడో పండిన గోధుమ ఒక పల్లెటూరి బంగళాలో హత్యకు కారణమైందన్నమాట. కథలో ఈ మాట ఒకే వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది కాబట్టి చాలామంది గమనించరు. నా దృష్టిలో మొత్తం కథలో బలమైన సాక్ష్యం ఇదే. రెండుసార్లూ ప్రమాదం పెళ్లి దగ్గరపడ్డాకే ఎందుకొచ్చిందో ఈ అంకెలు చెబుతాయి. జిప్సీలకు ఆ పెళ్లిళ్లతో పోయేది ఏమీ లేదు.

గదిలో మూడు వింతలు

జూలియా గదిలో హోమ్స్ మూడు విషయాలు గమనిస్తాడు. ఒకటి, గాలి కోసం పెట్టిన చిన్న కంత బయటికి తెరుచుకోకుండా పక్కనున్న రాయ్‌లాట్ గదిలోకి తెరుచుకుంటోంది. రెండు, పనివాళ్లను పిలిచే గంట తాడు మంచం మీదికి వేలాడుతోంది గానీ, దానికి గంటే లేదు. పై కొస ఆ కంత పక్కనే ఒక కొక్కేనికి కట్టి ఉంది. మూడు, మంచం కాళ్లు నేలకు బిగించి ఉన్నాయి. అంటే మంచాన్ని తాడుకు, కంతకు దూరంగా జరపడం కుదరదు.

విడివిడిగా చూస్తే మూడూ పనివాడి పొరపాట్లు అనుకోవచ్చు. కలిపి చూస్తే పక్క గదిలోంచి మంచం దాకా ఒక దారి కనిపిస్తుంది. కిటికీ తలుపులు, గది తలుపు లోపలి నుంచి గట్టిగా వేసి ఉన్నాయి కాబట్టి మనిషి వచ్చే వీలు లేదు. ఇక్కడ కోర్టు భాషలో ఒక మాట తెలుసుకోవాలి. నేరం జరగడం కళ్లారా చూసినవాళ్లు లేనప్పుడు, చుట్టూ ఉన్న వాస్తవాలను గొలుసులా కలిపి దోషిని తేల్చడాన్ని పరిస్థితుల సాక్ష్యం అంటారు. గొలుసులో ఏ లంకె తెగినా, అదే వాస్తవాలకు ఇంకో అమాయకమైన వివరణ కుదిరినా నిందితుడికి శిక్ష పడకూడదు. గంట లేని గంట తాడుకు అమాయకమైన వివరణ చెప్పడం కష్టం.

రాయ్‌లాట్ గదిలో ఒక ఇనప పెట్టె, దాని మీద ఒక పాల సాసర్, చివర ఉచ్చులా ముడేసిన చిన్న కొరడా కనిపిస్తాయి. ఆ గదిలోకి వెళ్లకముందే తనకు విషయం అర్థమైపోయిందని హోమ్స్ తర్వాత తన మిత్రుడు, ఈ కథ చెప్పే వాట్సన్‌తో చెబుతాడు. నాకు అది గొప్ప మాటే అనిపిస్తుంది. కథలోని పొరపాట్లన్నీ అతను రెండో గదిలోకి అడుగుపెట్టాకే మొదలవుతాయి.

పాలు తాగే పాము, ఈల వినే పాము

హోమ్స్ చెప్పే ప్రకారం రాయ్‌లాట్ రాత్రి వేళ పామును కంతలోంచి వదులుతాడు. అది తాడు మీదుగా మంచం మీదికి దిగుతుంది. మొదటి రాత్రే కాటేయకపోవచ్చు కాబట్టి తెల్లారేలోగా దాన్ని ఈలవేసి వెనక్కి పిలుస్తాడు. ఆ అలవాటు బహుశా పాలు పెట్టి చేసి ఉంటాడు. ఒక్కో ముక్కా విడిగా పరీక్షిద్దాం.

పాల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆంధ్రలో కార్తీకంలో నాగుల చవితికి, తెలంగాణలో శ్రావణంలో నాగుల పంచమికి పుట్టలో పాలు పోస్తాం. అది మొక్కు, నమ్మకం. జీవశాస్త్రం చెప్పేది వేరు. పాము ఎలుకలు, కప్పలు, బల్లులు, తోటి పాములు తిని బతికే జంతువు. పాలు దాని ఆహారం కాదు, అరగవు కూడా. పండక్కి పాములవాళ్లు తెచ్చే పాములు పాలు తాగుతాయి కదా అంటే, వాటిని ముందు చాలా రోజులు నీళ్లు లేకుండా ఉంచుతారు. ఎండిపోయిన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. కాబట్టి సాసర్‌లో పాలు ఒకసారి తాగడం వరకు జరగవచ్చు. బిస్కెట్ పెట్టి కుక్కకు నేర్పినట్టు పాలు పెట్టి పాముకు పిలిస్తే రావడం నేర్పొచ్చనడానికి ఆధారం లేదు.

ఈల విషయం ఇంకాస్త చిక్కు. పాము పూర్తిగా చెవిటిదని చాలాకాలం చెప్పుకున్నారు. దానికి బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు. లోపలి చెవి మాత్రం ఉంది, అది దవడ ఎముకకు కలిసి ఉంటుంది. నేలలోని కదలికలు అలా తెలుస్తాయి. గాలిలో వచ్చే శబ్దానికి కూడా పాములు స్పందిస్తాయని ఇటీవలి ప్రయోగాల్లో తేలింది. ఆస్ట్రేలియాలో చేసిన ఒక ప్రయోగం 2023లో అచ్చయింది. అందులో వాడినవన్నీ 450 హెర్ట్జ్ లోపు శబ్దాలే. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత. మనిషి వేసే ఈల సాధారణంగా అంతకన్నా పైనే మొదలై వేలల్లోకి పోతుంది. అంటే ‘పాముకు వినపడదు’ అన్నది తప్పు, ‘ఈల విని తిరిగొస్తుంది’ అన్నదీ తప్పు. పాములవాడి నాగస్వరానికి పడగ ఆడించే పాము కూడా ఎక్కువగా కదిలే బూరను చూస్తూ ఆడేదే.

కథను సమర్థించేవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: రాయ్‌లాట్ తాడును తట్టి ఉండొచ్చు, ఆ కదలిక పాముకు తెలిసి ఉండొచ్చు. కదలిక తెలియడం వరకు నిజమే. కానీ పాము సహజంగా కదలికకు బెదిరి నక్కుతుంది లేదా తిరగబడుతుంది. దానికి ఎదురెక్కి రావడం కష్టమైన ఊహ.

తాడు ఎక్కడం, దిగడం మాత్రం పూర్తిగా అసాధ్యం కాదు. జెర్రిపోతు లాంటి సన్నని, బలమైన పాములు తాళ్లు, కొమ్మలు పట్టుకుని చక్కగా పాకుతాయి. లావుగా, పొట్టిగా ఉండే పింజరి జాతి పాములకు వేలాడే తాడు మీద నిలదొక్కుకోవడం కష్టం. కాబట్టి జవాబు ఏ పాము అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇంతకీ అది ఏ పాము?

హోమ్స్ దాన్ని ‘స్వాంప్ ఆడర్’ అంటాడు, ఇండియాలో అతి విషపూరితమైనదని చెబుతాడు. ఆ పేరుతో మన దేశంలో ఏ పామూ లేదు. రాయ్‌లాట్ ఇండియా నుంచి తెప్పించుకున్నాడని కథ చెప్పే బబూన్ కోతి కూడా ఇక్కడిది కాదు, అది ఆఫ్రికా, అరేబియాల్లో ఉంటుంది. అదే కథలో వచ్చే చీతా మాత్రం అప్పట్లో మన దగ్గర ఉండేది.

కథలో పాము ఆనవాళ్లు ఇవి: పసుపు పచ్చ పట్టీలా ఒళ్లు, గోధుమ రంగు చుక్కలు, వజ్రం ఆకారపు తల, ఉబ్బిన మెడ. తలను బట్టి చూస్తే రక్తపింజరి అనిపిస్తుంది. మెడను బట్టి నాగుపాము. పట్టీని బట్టి పసుపు, నలుపు చారలుండే కట్లపాము, అది బెంగాల్ ప్రాంతంలో ఉంటుంది కూడా. ఏ ఒక్క పాముకూ అన్ని ఆనవాళ్లూ సరిపోవు. రచయిత మూడు పాముల్ని కలిపి ఒకటి చేశాడనుకోవడమే సబబు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది మన మామూలు కట్లపాము. రంగు కుదరదు, నలుపు మీద తెల్లచారలు ఉంటాయి. కానీ అది రాత్రిపూట తిరుగుతుంది, పడుకున్నవాళ్లను కాటేస్తుంది, నొప్పి దాదాపు ఉండదు, గాటు సరిగా కనిపించదు. నిద్రలోనే కాటు పడి, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఊపిరి ఆడకపోవడంతో ఆసుపత్రికి వచ్చే కేసులు పల్లెల్లో డాక్టర్లకు బాగా తెలుసు. జూలియా ఒంటి మీద ఏమీ కనిపించలేదన్న మాటకు ఇదొక్కటే అతుకుతుంది.

ఏ పాము అనుకున్నా కుదరనిది మరణం వేగం. కాటు పడ్డ పది సెకన్లలో రాయ్‌లాట్ చనిపోయాడంటాడు హోమ్స్. నాగు, కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు పోయే సంకేతాన్ని ఆపుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. పింజరి విషం రక్తం గడ్డకట్టే పద్ధతిని చెడగొడుతుంది. రెండింటికీ మామూలుగా గంటలు పడుతుంది, కొన్నిసార్లు రోజులు. ఆ గంటలే పాము విషానికి విరుగుడు మందైన యాంటీవెనమ్‌తో ప్రాణం కాపాడే సమయం. ఇండియాలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది, చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాము కరిస్తే పది సెకన్లే అన్న ఊహ సినిమాల వల్ల, ఇలాంటి కథల వల్ల జనంలో నాటుకుపోవడం నన్ను బాధపెడుతుంది. ఇక లాభం లేదనుకుని ఆసుపత్రికి బయల్దేరని ఇళ్లు ఉన్నాయి.

‘ఏ పరీక్షకూ దొరకని విషం’

రసాయన పరీక్షకు దొరకని విషం కాబట్టే రాయ్‌లాట్ దీన్ని ఎంచుకున్నాడంటాడు హోమ్స్. 1883 వరకు ఈ మాట నిజమే. ఆర్సెనిక్‌ను పట్టే మార్ష్ పరీక్ష 1830ల నుంచే ఉంది గానీ, పాము విషం ప్రోటీన్ల మిశ్రమం. దాన్ని శవంలో గుర్తించే పద్ధతి అప్పుడు లేదు. యాంటీవెనమ్ కూడా 1890ల మధ్యలో గానీ రాలేదు.

ఇక్కడ ఇంకో కోణం ఉంది. పాముకాటు ఎలా చంపుతుందో తెలిసినవాళ్లు ఆ రోజుల్లో ఎక్కువగా ఉన్నది కలకత్తాలోనే. కలకత్తా మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ జోసెఫ్ ఫేరర్ భారతీయ విషసర్పాల మీద తన ప్రయోగాలన్నీ కలిపి 1872లో పెద్ద గ్రంథం వేశాడు. కలకత్తాలో పనిచేసిన డాక్టర్ అనే వివరం కథలో ఉత్త అలంకారం కాదు. సర్రేలో పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ ఊహించలేనిది రాయ్‌లాట్‌కు తెలుసు.

కొల్లంలో జరిగింది

2020 మేలో కేరళలోని కొల్లం జిల్లాలో ఒక యువతి పుట్టింట్లో నిద్రలోనే నాగుపాము కాటుతో చనిపోయింది. అంతకు రెండు నెలల ముందు అత్తింట్లో ఆమెను రక్తపింజరి కరిచింది, ఆసుపత్రిలో చాలా రోజులుండి బయటపడింది. వరసగా రెండు పాములు ఒకే మనిషిని కరవడం ఆమె తల్లిదండ్రులకు అనుమానం తెచ్చింది. భర్త ఒక పాములవాడి దగ్గర పాములు కొన్నాడని దర్యాప్తులో తేలింది. 2021 అక్టోబర్‌లో కొల్లం కోర్టు అతనికి రెండు జీవిత ఖైదులు వేసింది.

ఈ కేసునే చాలామంది హోమ్స్ కథతో పోల్చారు. పోలిక ఒక మేరకు సరైనదే: భార్య తెచ్చిన డబ్బు, బంగారం మీద ఆశ, పడకగది, పాము. కానీ నేరం రుజువైన తీరు కథకు సరిగ్గా తలకిందులు. కథలో నేరం జరగాలంటే పాము తన స్వభావానికి విరుద్ధంగా నడుచుకోవాలి. కొల్లంలో పాము తన స్వభావం దాటి నడుచుకోదన్నదే ప్రాసిక్యూషన్ ఆధారం.

ఆ పరీక్ష ఎలా చేశారో చూడండి. పడుకున్న మనిషిలా ఒక బొమ్మను పెట్టి, చేతికి కోడిమాంసం కట్టి, బతికున్న నాగుపామును దాని మీద వదిలారు. పాము కాటేయకుండా జారుకుంది. రెచ్చగొడితేనే కాటేసింది, అప్పుడు రెండు కోరల గాట్ల మధ్య దూరం 2 సెంటీమీటర్ల లోపే ఉంది. తల పట్టుకుని బలవంతంగా కరిపించినప్పుడు దవడ సాగి ఆ దూరం పెరిగింది. మృతురాలి చేతి మీద గాట్ల మధ్య దూరం 2.3, 2.8 సెంటీమీటర్లు. ఒకే చోట రెండు కాట్లు. మెలకువ రాకపోవడానికి మత్తు కలిగించే మందుల ఆనవాళ్లు శరీరంలో దొరికాయి. పూడ్చిన పామును తవ్వి తీసి దానికీ పోస్ట్‌మార్టం చేశారు. పాములమ్మినవాడు అప్రూవర్‌గా మారాడు, అంటే నేరంలో తన పాత్ర ఒప్పుకుని ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పాడు.

బొమ్మతో చేసిన పరీక్షకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న న్యాయమైనదే. ఒకటి రెండు పాములతో చేసిన ప్రయోగం అన్ని పాములకూ వర్తిస్తుందని చెప్పలేం. ఆ కేసు ఆ ఒక్క పరీక్ష మీదే నిలబడి ఉంటే ఈ అభ్యంతరం బరువుగా ఉండేది. పాముల కొనుగోలు, ఫోన్ వివరాలు, మందులు, మొదటి కాటు, అన్నీ ఒక వైపే చూపించాయి. అదే 2021 అక్టోబర్‌లో రాజస్థాన్‌కు చెందిన మరో పాముకాటు హత్య కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఆధ్వర్యంలోని బెంచ్ నిందితుడికి బెయిల్ నిరాకరిస్తూ, పాములవాళ్ల దగ్గర పాములు తెచ్చి చంపడం కొత్త ధోరణిగా మారుతోందని వ్యాఖ్యానించింది.

రాయ్‌లాట్ మరణానికి బాధ్యులెవరు?

చివరి రాత్రి హోమ్స్, వాట్సన్ చీకట్లో ఆ గదిలో కాపు కాస్తారు. పాము బుస వినగానే హోమ్స్ అగ్గిపుల్ల గీసి, బెత్తంతో తాడు మీద బాదుతాడు. దెబ్బ తిన్న పాము వచ్చిన దారినే వెనక్కి పోయి మొదట కనిపించిన మనిషిని కాటేస్తుంది. ఆ చావుకు పరోక్షంగా తాను బాధ్యుణ్ణే, కానీ అది తన మనసును పెద్దగా బాధించేలా లేదంటాడు హోమ్స్.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. చీకటి గదిలో విషసర్పం మీదికొస్తుంటే కొట్టడం ఆత్మరక్షణ, అది ఎటు పోతుందో లెక్కేసే వ్యవధి ఎక్కడుంది అన్నది ఒక వాదన. కంత అవతల ఎవరున్నారో హోమ్స్‌కు ముందే తెలుసు, పోలీసులకు చెప్పే అవకాశం పగలంతా ఉంది, చెప్పలేదు అన్నది రెండోది. నేను మొదటి వాదన వైపే మొగ్గుతాను. కానీ పోలీసులకు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు కథలో జవాబు లేదు.

ప్రైవేట్ డిటెక్టివ్‌కు అరెస్టు చేసే అధికారం లేదు, అతను పోగు చేసిన వాస్తవాలు విచారణకు చేరినప్పుడే సాక్ష్యమవుతాయి. ఇక్కడ అలా చేరనే లేదు. ప్రమాదకరమైన పెంపుడు జంతువుతో అజాగ్రత్తగా ఆడుకుంటూ డాక్టర్ చనిపోయాడని అధికారిక విచారణ తేల్చింది. జూలియా హత్య ఏ రికార్డులోనూ హత్యగా నమోదు కాలేదు. హెలెన్‌కు ఇచ్చిన మాట వల్ల, ఆమె చనిపోయేదాకా ఈ సంగతి బయటపెట్టలేదని వాట్సన్ కథ మొదట్లోనే చెబుతాడు.